తొమ్మిది వందల గ్రాముల మేజోడు

ఇరవై రెండేళ్ల సర్వీసులో పది కిలోలకి తక్కువున్నది ఏదీ కాటాయన లెక్కలోకి రాలేదు. అది ఆయన గొప్పా కాదు, తప్పూ కాదు. ఆ కాటా గుణమే అంత. గోదాముల పక్కన లారీలు ఎక్కి నిలబడే ఇనప పలక, దాని పక్కన అద్దాల కిటికీ ఉన్న చిన్న గది, గదిలో ఒక కుర్చీ, ఒక మిషను, ఒక ఫ్యాను. లారీ పలక మీదకి రాగానే మిషను మీద ఎర్ర అంకెలు పరుగెత్తి పరుగెత్తి ఒకచోట ఆగుతాయి. దానికి పదులే తప్ప ఒకట్లు తెలియవు. మనిషి ఎక్కితే చూపిస్తుంది, కోడి ఎక్కితే ఊరుకుంటుంది.

మనిషి కూడా ఆ కాటాకి తగినవాడే. నూట ఇరవై ఆరు కిలోలు. తండ్రి గోదాములో మూటలు మోసేవాడు, మీసం మొలవగానే ఈయనా మోశాడు. ఒకరోజు నడుం పట్టేసి మూటతో సహా కూలబడితే యజమాని చూసి, మోసింది చాలు, ఇక తూచుకో అని ఆ గదిలో కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ కూర్చోవడమే ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగంలో మూడు కుర్చీలు విరిగాయి. నాలుగోది ఇనపది.

ఆయన చేతులు చేటలంత ఉంటాయి. టీ కప్పు చెవిలో ఆయన వేలు దూరదు. పెళ్లయిన కొత్తలో నెలకి ఆరేసి గ్లాసులు పగులుతుంటే భార్య ఇంట్లో గాజన్నదే లేకుండా చేసింది. ఆవిడది ఇంట్లోనే కర్టెన్లు కుట్టే పని. సూదిలో దారం ఎక్కించమని మొగుణ్ణి ఒకే ఒక్కసారి అడిగింది. సూది విరిగింది. మళ్లీ అడగలేదు.

వాళ్లకి పిల్లలు లేరు. చుట్టాల ఇళ్లలో పసిపిల్లల్ని చూడ్డానికి వెళ్తే, బిడ్డ అందరి చేతులూ మారి మారి ఈయన దాకా వచ్చేసరికి, సరిగ్గా అప్పుడే దానికి నిద్రొచ్చేది. నిద్ర రాకపోతే ఆకలేసేది. "తర్వాత ఇస్తాంలే బావా, నువ్వు కూర్చో" అనేవాళ్లు. ఈయన కూర్చునేవాడు. ఆ తర్వాత అన్నది ఎప్పుడూ రాలేదు. అలా పదకొండు మంది పిల్లలు ఆయన చేతికి రాకుండానే పెద్దవాళ్లయి, మీసాలు దువ్వుకుంటూ కాలేజీలకి వెళ్లిపోయారు. పదకొండు అన్న లెక్క ఆయనదే. లెక్కలో ఆయన తప్పడు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక లారీ వచ్చింది. డ్రైవరు దిగి, కాగితాల మీద సంతకాలకి గోదాములోకి పోతూ పోతూ, చొక్కా లోపల్నుంచి ఏదో తీసి కాటాయన చేతిలో పెట్టాడు.

"రెండు నిమిషాలు పట్టుకో అన్నా, బండిలో వేడిగా ఉంది."

అంతే, వెళ్లిపోయాడు. ఎవరికి ఇస్తున్నాడో చూడలేదు, చేతుల వైపు చూసి వెనక్కి తీసుకోలేదు. కాటాయన చూసుకుంటే అది కుక్క. రెండు చెవులు, రెండు కళ్లు, వాటి వెనకాల మాటవరసకి కాస్త ఒళ్లు. చివావా అంటారని తర్వాత తెలిసింది. అది అరచేతిలో రెండుసార్లు గుండ్రంగా తిరిగి, ఆయన బొటనవేలి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. రెండు నిమిషాలు కాస్తా పదిహేడు నిమిషాలయ్యాయి. బయట మూడు లారీలు హారన్లు కొట్టాయి. కాటాయన గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు, అది లేస్తుందని.

డ్రైవరు తిరిగొచ్చి, ఏమైనా అల్లరి చేసిందా అని అడిగాడు. "పడుకుంది" అన్నాడు కాటాయన.

ఇంటికి రాగానే మనకీ అలాంటిది ఒకటి కావాలన్నాడు. భార్య మిషను తొక్కడం ఆపకుండానే, పెంచుకుంటే పెంచుకుందాం కానీ మీ సైజుకి తగ్గది, ఒక దూడంతది చూడండి, అంది. మూల కుర్చీలో అత్తగారు. అంటే భార్య తల్లి. చూపు మందగించాక కూతురి దగ్గరే ఉంటోంది. చూపు తగ్గిన మేరకి నోరు పెరిగింది. "ఏనుగు దాహానికి చూరు నీళ్లా నాయనా?" అందావిడ. దూడంత కుక్కనైతే ఆయనకి ఎవరైనా ఇస్తారు. అసలు సంగతి అదే కదా.

కావాలన్న మాట నోరు దాటితే చాలు, గోదాముల దగ్గర గాలికి కూడా బేరం తెలుసు. నాలుగోరోజుకి ఒక చిన్న వ్యాను పలకెక్కి ఆగింది. అందులోంచి దిగినవాడు నున్నగా దువ్విన తలతో, చంకలో చెప్పుల డబ్బాతో గదిలోకి వచ్చాడు. డబ్బా మూతకి నాలుగు బెజ్జాలు. లోపల ఎలకంత పిల్ల, వణుకుతోంది. ఇది టీకప్పు జాతి, మూడు నెలలది, ఇంతకి మించి వెంట్రుకవాసి పెరగదు, నాదీ పూచీ అన్నాడు. పెరక్కుండా ఉండాలంటే రోజుకి ఒక్క పూటే పెట్టాలిట, అదీ ఒక చెంచాడు.

కాటాయన చెయ్యి డబ్బా వైపు వెళ్లి, మధ్యలో ఆగింది. దాన్ని ఆపింది తెలివి కాదు, ఇరవై రెండేళ్ల అలవాటు. ఆయన పనిలో ఉన్నది ఒకటే సూత్రం. నిండు బండిని తూస్తావు, సరుకు దించాక ఖాళీ బండిని తూస్తావు, రెంటికీ తేడా ఎంతో సరుకు అంత. ఖాళీ బండి చూపించకుండా సరుకు ఇంత అని ఎవడు చెప్పినా వాణ్ణి నమ్మకూడదు.

"దీని తల్లేదీ?" అన్నాడు.

తల్లి చాలా దూరంలో ఉంది, చూడ్డానికి వీలుపడదు అన్నాడతను.

"సరుకు చూపించావు బాబూ. బండేదీ? లోడు గాల్లో ఎగురుకుంటూ వచ్చిందా?"

నీకు వద్దంటే తీసుకునేవాళ్లు పదిమంది ఉన్నారని అతను డబ్బా మూసేశాడు. కాటాయన ప్రాణం ఉసూరుమంది. డబ్బా లాక్కుని తలుపు గడియ పెట్టేద్దామా అనిపించింది. కానీ లారీల దగ్గర బతికినవాడికి ఒకటి తెలుసు. సరుకు దించుకున్న చోటికే మళ్లీ లోడొస్తుంది. జాలిపడి ఈ పిల్లని దించుకుంటే, రేపు ఆ డబ్బాలో ఇంకో పిల్ల ఉంటుంది.

వ్యాను వెళ్లిపోయాక చూసుకుంటే, చేతిలో చీటీ. పలక మీదకి ఏది ఎక్కినా నంబరు కొట్టి బరువు చీటీ తియ్యడం ఆయన వేళ్లకి పట్టిన జబ్బు. మనసు కుక్కపిల్ల మీద ఉండగా వేళ్లు తమ పని తాము చేసుకుపోయాయి. ఆ చీటీ పట్టుకుని, అన్నానికి కూడా పోకుండా, పశువుల డాక్టరమ్మ దగ్గరికి నడిచాడు. బండి నంబరు, తేదీ, గంట, నిమిషం, అన్నీ అచ్చులో ఉన్నాయి. డాక్టరమ్మ ఎవరెవరికో ఫోన్లు చేసింది. వారం తిరక్కుండా ఆ వ్యాను మనిషి షెడ్డులో పద్నాలుగు పిల్లలూ, బోనుల్లో ఆరు తల్లికుక్కలూ దొరికాయి. పిల్లలకి మూడు నెలలు కాదు కదా, అయిదు వారాలు కూడా నిండలేదు. వణికిన ఆ ఎలకపిల్ల డాక్టరమ్మ దగ్గరే బతికి బట్టకట్టింది. ఇప్పుడు ఆవిడ బల్ల కింద కూర్చుని, వైద్యానికి వచ్చిన గేదెల మీద కూడా అరుస్తుంది.

టీకప్పు జాతి అంటూ ఏదీ లేదని కాటాయనకి చెప్పింది ఆ డాక్టరమ్మే. కప్పులో పట్టే కుక్కంటే, కడుపు మాడ్చిందో, ఈడు నిండందో, రోగంతో పుట్టిందో అయి ఉంటుంది. తల్లిని కళ్లారా చూడు, మోకాళ్లకీ గుండెకీ పరీక్షలు చేయించిన కాగితాలు అడుగు, పన్నెండు వారాలు నిండాకే ఇంటికి తెచ్చుకో అని చెప్పి, ఒక అడ్రసు రాసిచ్చింది. "నర్సమ్మ అని ఉంది. ఆవిడ దగ్గర కుక్కపిల్ల దొరకడం కష్టం. కుక్కలు లేక కాదు" అంది.

ఆ నర్సమ్మ ముప్పై మూడేళ్లు కాన్పుల వార్డులో పనిచేసి దిగిన మనిషి. కొన్ని వేలమంది పిల్లల్ని కొన్ని వేలమంది చేతుల్లో పెట్టింది. వాళ్లలో కొంతమంది చేతులు చూస్తే పెట్టబుద్ధి కాకపోయినా పెట్టాల్సి వచ్చింది. అడిగే హక్కు అక్కడ లేకపోయింది. ఇక్కడ ఉంది. అందుకని మొత్తం ముప్పై మూడేళ్ల ప్రశ్నలూ ఆవిడ కుక్కలు కావాలని వచ్చినవాళ్లని అడుగుతుంది.

మొగుడూ పెళ్లాలిద్దరూ వెళ్లారు. గుమ్మంలోనే చెప్పులు విప్పించి, చేతులు కడిగించి, ఈ ఇంట్లో అడుగు ఎత్తి వెయ్యకూడదు, ఈడ్చుకుంటూ రావాలి అని చెప్పింది. ఇద్దరూ నేలకి మెరుగు పెడుతున్నట్టు ఈడ్చుకుంటూ వెళ్లారు. అడక్కుండానే తల్లికుక్కని చూపించింది, కాగితాలు చూపించింది. మూడు పిల్లల్లో రెంటికి ఇళ్లు కుదిరాయి. మూడోది ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిన ఆడపిల్ల. ఎనిమిది వారాలది. పెద్దయితే రెండు కిలోలు తూగుతుంది, అంతకన్నా చిన్నది కావాలంటే బొమ్మల కొట్టుకి వెళ్లండి అంది నర్సమ్మ.

తర్వాత ప్రశ్నలు. ఇంట్లో మెట్లెన్ని, మంచం ఎత్తెంత, పగలు ఎవరుంటారు, మీరు మంచాన పడితే దాన్నెవరు చూస్తారు, పదిహేనేళ్ల తర్వాత మీకెన్నేళ్లు. అన్నిటికీ కాటాయన కాగితం చూసి చదివినట్టు జవాబులు చెప్పాడు. ఆఖర్న బరువెంత అని అడిగింది. నూట ఇరవై ఆరు, మా పలక మీదైతే నూట ముప్పై చూపిస్తుంది అన్నాడు, కాస్త గర్వంగానే. నర్సమ్మ పెన్ను కింద పెట్టేసింది.

"కూర్చునే ముందు చూసుకుంటారా బాబూ, కూర్చున్నాక చూసుకుంటారా?"

కూర్చోవడమే ఉద్యోగమైన మనిషిని ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. నిజమే చెప్పాడు. అసలు చూసుకోనండీ అన్నాడు.

అప్పుడావిడ ఒక సంగతి చెప్పింది. ఇదివరకు ఒకాయన ఉండేవాడు, చదువుకున్నవాడు, కుక్కంటే ప్రాణం పెట్టేవాడు. "ఒకరోజు కూర్చున్నాడు. అంతే" అంది.

నర్సమ్మ మొహం చూసి కాటాయన లేవబోయాడు. ఆ మొహం ఆయనకి తెలుసు. 'తర్వాత ఇస్తాంలే' అనే పదకొండు మంది మొహమూ అదే. ఇది పన్నెండోది. కానీ ఆవిడ అలమారా తెరిచి, ఒక ఉన్ని మేజోడు తెచ్చి బల్ల మీద పెట్టింది. జతలో రెండోది అలమారాలోనే ఉంది. మేజోడు ఒంట్లో ఇసుక, బొటనవేలు దూరేచోట దూదిలో చుట్టిన చిన్న గాజుబల్బు. పుట్టిన కొత్తలో ఈ జాతి పిల్లల నడినెత్తి మెత్తగా ఉంటుంది, తల అంటే ఈ బల్బే అనుకోండి అంది. మొత్తం బరువు తొమ్మిది వందల గ్రాములు. మూతి కుట్టేసి, కుట్టు మీద పచ్చదారంతో తన గుర్తు వేసింది.

పిల్లకి పన్నెండు వారాలు నిండడానికి ఎలాగూ నెల పడుతుంది. ఆ నెల్లాళ్లూ ఈ మేజోడుని పెంచాలి. రోజుకి నాలుగుసార్లు తిండి పెట్టాలి, ఎందుకంటే ఇంత చిన్న ప్రాణానికి ఒక పూట తప్పితే ఒంట్లో చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతుంది. వేళలన్నీ పుస్తకంలో రాయాలి. చలి తగలకూడదు, ఎత్తు మీంచి దూకకూడదు, మూడు గంటలకి మించి ఒంటరిగా ఉండకూడదు. నేను ఎప్పుడో ఒకప్పుడు చెప్పకుండా వస్తాను, బల్బు బాగుంటే పిల్ల మీది అంది.

పగిలితే తెలుస్తుందా అని అడిగాడు కాటాయన.

"మీరు నూట ఇరవై ఆరు. తెలుస్తుంది."

ఇంటికి తెస్తే అత్తగారు చేత్తో తడిమి చూసి, ఆలూ లేదు చూలూ లేదు, అల్లుడికి మేజోడు పుట్టిందమ్మా అని వీధి గుమ్మందాకా వినిపించేలా అంది. భార్యకి నవ్వు ఆగక కుట్టు వంకరపోయింది. కాటాయన మాత్రం రంపం తీసుకుని మంచం కాళ్లు నాలుగూ జానెడు మిగిల్చి కోసేశాడు. తర్వాత సోఫా కాళ్లు అసలే మిగల్చకుండా కోసేశాడు. ఆ రోజు నుంచీ పొద్దున్నే ఆయన మంచం మీంచి లేవడమంటే బావిలోంచి మోటారు పైకి తీసినంత పని. భార్య ముందునుంచి లాగేది, అత్తగారు వెనకనుంచి సలహాలిచ్చేది.

తిండి వేళకి చెంచాతో మేజోడు ముందు పెట్టేవాడు. పది నిమిషాలు కూర్చునేవాడు. పుస్తకంలో వేళ రాసి, పక్కన 'పెట్టాను. తినలేదు' అని రాసేవాడు. తిన్నది అని రాయొచ్చు కదండీ, ఎవరు చూడొచ్చారు అంది భార్య. ఆయన అదోలా చూశాడు. తూచనిది రాసే చెయ్యి కాదది.

పగలు పనిలోకి తీసుకుపోయేవాడు. లారీ డ్రైవర్లు మొదట్లో కిటికీలోంచి చూసి, పాపం ఎండ దెబ్బ అనుకున్నారు. పదిగంటలకల్లా ఆయన గది వెనక గడ్డిలో మేజోడుని దింపి, అటు తిరిగి నిలబడేవాడు. ఏంటన్నా అంటే, దాని వేళయింది, నువ్వటు చూడకు, సిగ్గుపడుతుంది అనేవాడు. వారానికి డ్రైవర్లే, పిల్ల పడుకుందేమోనని పలక మీదకి నెమ్మదిగా ఎక్కించి, బ్రేకు మెత్తగా వెయ్యడం మొదలుపెట్టారు. దాని పేరు బల్బు అని కూడా వాళ్లే పెట్టారు.

అన్నిటికన్నా గట్టి నియమం కాటాయన తనే పెట్టుకున్నాడు. ఎక్కడైనా సరే, అరచేత్తో తడమకుండా కూర్చోకూడదు. ఇంట్లో ముగ్గురూ అంతే. అత్తగారు మాత్రం, నేను కళ్లు పోయినప్పట్నుంచీ అలాగే కూర్చుంటున్నాను, మీకిప్పుడు తెలివొచ్చింది అంది. గోదాము మేనేజరు వచ్చి ఇనప కుర్చీ లాక్కోబోతే "తడమండి సార్" అన్నాడు కాటాయన. మేనేజరు ఎందుకని అడక్కుండా తడిమి కూర్చుని, ఆ సాయంత్రం సొంతింట్లో కూడా తడిమి, పెళ్లాం చేత చీవాట్లు తిన్నాడు. మంగలి షాపులో, బస్సులో, బ్యాంకు బెంచీ మీద, ఆ పేటలో తడుముడు జలుబులా పాకింది. ఎందుకు తడుముతున్నారో సగం మందికి తెలియదు. పక్కవాడు తడిమాడని తడిమారు.

రోజూ కూరల కొట్లో తూచేవాడు. పన్నెండోరోజున చూస్తే ఎనిమిది వందల ఎనభై ఉంది. కాటాయనకి ముచ్చెమటలు పోశాయి. నిన్నటికీ నేటికీ ఇరవై గ్రాములు. ఇంత పిల్లకి ఇరవై గ్రాములంటే మాటలా. తింటేగా అని కొట్టువాడు తనవంతు అన్నాడు. మేజోడుని చొక్కాలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ ఒక మేకనీ రెండు పిల్లుల్నీ దాటుకుని ముందుకెళ్తే, వాటి తాలూకువాళ్లు కూడా ఆయన మొహం చూసి దారిచ్చారు. డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టి, కింద నుంచి పైకి నొక్కి చూసి, ఏమాత్రం నవ్వకుండా, మడమ దగ్గర కారుతోంది, రెండు కుట్లు పడతాయి అంది. కుట్లు భార్యే వేసింది. ఇరవై గ్రాముల ఇసుక మళ్లీ ఎక్కించారు. ఆ సాయంత్రం అత్తగారు తన శాలువా సగం చింపి దానికి కప్పింది. ఒంట్లో బాగాలేని పిల్ల కదా అంది, ఎవరూ అడక్కపోయినా.

ఇరవైతొమ్మిదోరోజు ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి నర్సమ్మ చెప్పకుండా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, అడుగులు ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగింది. మంచం చూసింది, సోఫా చూసింది, కరెంటు తీగలకి తొడిగిన గొట్టాలు చూసింది, వంటింటి గడపకి కట్టిన జల్లెడ తలుపు చూసింది. ఎక్కడా వేలు పెట్టడానికి సందు దొరకలేదు. కాటాయన టీ కలిపి తెస్తానని వంటింట్లోకి వెళ్లాడు. భార్య నోట్లో మూడు గుండుసూదులు పట్టుకుని కర్టెనుకి మడత పెడుతోంది. అత్తగారు తన మూలలో ఉంది.

బల్లమీది పుస్తకం తీసుకుంది నర్సమ్మ. మొదటి రోజు, పొద్దున ఏడు, పెట్టాను, తినలేదు. పదకొండు, పెట్టాను, తినలేదు. పేజీ తిప్పింది. పెట్టాను, తినలేదు. ఇరవైతొమ్మిదోరోజు పొద్దుటి పూటతో కలిపి నూట పదమూడుసార్లు, ఒక్క కొట్టివేత లేకుండా, అదే అక్షరాలు, అదే సిరా. ముప్పై మూడేళ్లలో ఎన్ని వార్డు పుస్తకాలు చూసిందో, ఇలాంటిది చూడలేదు. మొదటిసారి ఆవిడ పెదవులు సడలాయి. చదువుతూ, పేజీ తిప్పుతూ, అలాగే వెనక్కి జరిగి, సోఫాలో, శాలువా ముక్క కప్పి ఉన్న కుడిమూలని కూర్చుంది.

గుండుసూదులు నోట్లో ఉన్న మనిషి అరవలేదు. స్టీలు గ్లాసుల్లో టీతో గుమ్మంలోకి వచ్చిన మనిషికి మాట గొంతులో పుట్టి నోటిదాకా రాలేదు.

టప్పుమంది.

చూపు ఆనని అత్తగారు తల ఎత్తింది. "ఎవరే అది, తడమకుండా కూర్చున్నది?"

నెల్లాళ్లలో ఆ ఇంట్లో తడమకుండా కూర్చున్న మొదటి మనిషి నర్సమ్మే. ఆవిడ లేవలేదు. లేస్తే చూడాల్సి వస్తుందని కాబోలు, పుస్తకం ఒళ్లో పెట్టుకుని అలాగే బిగుసుకుపోయింది. చివరికి, ఎవరో తిట్టినట్టుగా, విసుగ్గా అంది:

"ఆ చదువుకున్నాయన ఎవరూ లేరు. అది నేనే. తొమ్మిదేళ్లయింది. అప్పట్నుంచి నా ఇంట్లో చూసుకోకుండా కూర్చోలేదు. ఇంకొకరింట్లో చూసుకోవాలని తట్టలేదు."

భార్య సూదులు తీసి పక్కన పెట్టింది. మీరు కూర్చుంటే మా ఆయన తప్పెలా అవుతుందండీ అని అనబోయింది. మాట సగంలోనే కాటాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అవి పిల్ల పోతుందని వచ్చినవో, ఇసుక మూట పోయిందని వచ్చినవో ఆయనకే తెలియదు.

"తప్పెవరిదని కుక్కపిల్ల అడగదు కదమ్మా. ఇల్లు నాది. వచ్చినవాళ్లకి గుమ్మంలోనే చెప్పాలి, చెప్పలేదు. ఇంకో బల్బు ఇవ్వండి. మళ్లీ మొదట్నుంచి పెంచుతాను."

నర్సమ్మ ఆయన్ని తేరిపార చూసింది. "కూర్చున్నదాన్ని నేను. మీకు పరీక్ష పెట్టడానికి నేనెవర్ని?"

కాటాయనకి తెలిసిన జవాబు ఒకటే. మా కాటాకి ఏడాదికోసారి అధికారి వస్తాడమ్మా, సరైన బరువులు తెచ్చి పలక మీద పెట్టి చూస్తాడు, తప్పు చూపిస్తే పారెయ్యడు, సీలు వేసి సరిచేయించి మళ్లీ ముద్ర కొడతాడు, తూచేదాన్ని కూడా తూచాలి కదా అన్నాడు.

ఆవిడ పుస్తకం మూసి, "అయితే నాకూ ఒకటి కుట్టించండి" అంది.

అలమారాలో ఉన్న రెండో మేజోడు వచ్చింది. భార్య రెంటికీ కొత్త బల్బులు పెట్టి, ఒకదాని మీద నర్సమ్మ పచ్చదారం గుర్తు, ఒకదాని మీద తన ఎర్రదారం గుర్తు వేసింది. ఇక మరో నెల్లాళ్లు ఆ రెండిళ్లలో రెండు మేజోళ్లు పెరిగాయి. కాటాయన గుమ్మానికి కొత్త కర్టెను వేలాడింది, దాని మీద చెయ్యి పట్టేంత అక్షరాలతో 'తడిమి కూర్చోండి' అని భార్య కుట్టింది. ఈసారి చెప్పకుండా వెళ్లే వంతు ఆయనది కూడా. మూడు ఆదివారాలు వెళ్లి నర్సమ్మ పుస్తకం చూశాడు. 'పెట్టాను. తినలేదు. దాని వాటా తల్లికుక్క తినేసింది' అని రాసుంది. ఆయన సంతకం పెట్టేవాడు. పెడుతుండగా ఒక చెవి వాలిన పిల్ల వచ్చి ఆయన బొటనవేలు వాసన చూసేది. మొదటి ఆదివారం చూసి పారిపోయింది. రెండోసారి నాకింది. మూడోసారి దాని మీద గడ్డం పెట్టింది. కొత్త చేతులకి పిల్లని ఇలాగే అలవాటు చెయ్యాలిట, ఆ సంగతి నర్సమ్మ పైకి అనలేదు.

నెల నిండినరోజు రెండు బల్బులూ బయటికి తీసి, హోల్డరుకి పెట్టి స్విచ్చి వేశారు. రెండూ వెలిగాయి. ఏదో ఒకటి మాడిపోతుందనుకున్నా అని అత్తగారు అంది, వెలుతురు మొహానికి తగిలి.

నర్సమ్మ కాగితాలు చదివించింది. టీకాలు, పరీక్షలు, తిండి వేళలు. పెంచలేని రోజు ఎప్పుడొచ్చినా ఇంకెవరికీ ఇవ్వకుండా నాకే తెచ్చివ్వాలి అన్నచోట వేలు పెట్టి రెండుసార్లు చదివించింది. తర్వాత లేచి, పిల్లని ఎత్తి, వార్డులో నిలబడినట్టు నిటారుగా నిలబడింది.

"రెండు చేతులూ చాపండి బాబూ. ఆడపిల్ల. కిలో మూడు వందలు."

కాటాయన చాపాడు. నిద్ర రాలేదు, ఆకలెయ్యలేదు, తర్వాత అని ఎవరూ అనలేదు. పిల్ల నేరుగా చేతుల్లోకి వచ్చింది.

దానికీ బల్బు అనే పేరే ఉంచారు, పిలిచి పిలిచి అలవాటైపోయింది కనక. మర్నాడు భార్య కూడా గోదాముల దగ్గరికి వచ్చింది, మిషను నొక్కడానికి. కాటాయన పిల్లని పట్టుకుని ఇనప పలక మధ్యలో నిలబడ్డాడు. నిండు నూట ముప్పై. పిల్లని భార్య చేతికిచ్చి మళ్లీ నిలబడ్డాడు. ఖాళీ నూట ముప్పై. చీటీ బయటికి వచ్చింది: నికరం సున్నా. ఆ చీటీ కిటికీ అద్దానికి అంటించి, చాలాసేపు చూసుకున్నాడు. ఇరవై రెండేళ్ల చీటీల్లో అంత బరువైనది ఇంకోటి లేదని భార్యతో అన్నాడట.

అప్పటికే బయట ఒక లారీ వచ్చి ఆగి ఉంది. డ్రైవరు హారను కొట్టలేదు, వేచి ఉన్నాడు. పిల్ల కాటాయన ఎడమ అరచేతిలో నిద్రపోయింది. ఆయన ఇనప కుర్చీ దగ్గరికి వెళ్లి, కుడిచేత్తో సీటు ఆ మూల నుంచి ఈ మూలకి తడిమాడు. కుర్చీ కింద కూడా వంగి చూశాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని భార్య నవ్వింది. నవ్వనీ. ఎడమచెయ్యి ఒకసారి చూసుకుని, కుడిచేత్తో ఇంకోసారి తడిమి, అప్పుడు కూర్చున్నాడు.